పెట్టెలో పిలుపు

జువ్వలదిన్నె నుంచి ఆస్పత్రికి వచ్చే దారంతా నాగులమ్మ ఒకే మాట నమ్ముకుని వచ్చింది. డాక్టరు ఏమడిగినా మొగుడు "లేదు" అంటే చాలు, ఈరోజే ఇంటికి పంపేస్తారు.

ఆమె మొగుడు ముత్యాలయ్య జబ్బల్లా మాటలు వినపడటమే. వేటకు పోయి మునిగిపోయిన తమ్ముడు చెంగయ్య తనను పిలుస్తున్నాడని సముద్రంలోకి నడిచాడు. ఊరివాళ్లు లాక్కొచ్చి ఈ పిచ్చాస్పత్రిలో చేర్చారు. ఎదురుగా మనిషి మాట్లాడకుండా మాట వినపడితే అదే పిచ్చి అని కాంపౌండరు నాగులమ్మకు తేల్చి చెప్పాడు. ఆయన ఎంత తేలిగ్గా చెప్పాడో ఆమె అంత తేలిగ్గానూ పట్టుకుంది. అందుకే వరండాలోనే మొగుడి చెవిలో నూరిపోసింది.

"వినపడతుండాదా అంటే లేదని చెప్పయ్యా. నీ కాళ్లు పట్టుకుంటా. నువ్వు లేకుండా ఆ గుడిసెలో నేనుండలేను."

డాక్టరు జీవానందం మంచివాడే. కాకపోతే మద్రాసు నుంచి కొత్త మిషను వచ్చినప్పటినుంచీ ఆయనకు కాలు ఒకచోట నిలవడం లేదు. రోగికి తన మాట తనకే వినిపిస్తే మనసు కుదుటపడుతుందని ఆశ. "పోయిన వారం ముత్యాలయ్య మాట్లాడింది ఈ టేపు రికార్డరులో పట్టాను" అని గబగబా చెప్పి మీట నొక్కాడు. పెట్టె మీద రెండు చక్రాలు తిరిగాయి.

"నాకిక్కడ నిద్ర పట్టదయ్యా" అంది పెట్టె, ముత్యాలయ్య గొంతుతో.

నాగులమ్మ చటుక్కున మొగుడి నోటివైపు చూసింది. మూసే ఉంది. పంచాయతీ రేడియో ఆమె ఎరగనిది కాదు. కానీ రేడియోలో ఊళ్లో మొగుళ్లు మాట్లాడరు గదా! కొంపదీసి ఈ పిచ్చి తనకూ పట్టుకుందా?

"వినపడుతోందా, ముత్యాలయ్యా?" అని అడిగాడు డాక్టరు.

"లేదు సార్."

డాక్టరు బిత్తరపోయి శబ్దం పెంచాడు. "నీకో అమ్మా?"

అవునంటే మొగుడు అబద్ధాలకోరవుతాడు, తనకూ ఇక్కడే మంచం వేస్తారు. కాదంటే ఏమవుతుందో ఆమెకు అంతుపట్టలేదు.

"నాకూ లేదయ్యా."

డాక్టరు మిషను వైపు చూసి, తన చెవి తడుముకున్నాడు. పాపం, ఆయనకూ అనుమానం వచ్చింది. అంతలో పెట్టె గొంతెత్తింది. పడవ ఒడ్డుకొచ్చినప్పుడు ముత్యాలయ్య పిలిచే పిలుపే.

"నాగులూ! ఓ నాగులూ!"

"ఆఁ, వస్తుండా!" అనేసింది నాగులమ్మ. లేచి నిలబడింది కూడా.

ముత్యాలయ్య ఆమె చెయ్యి రెండు చేతులా పట్టుకున్నాడు. తమ్ముడు పోయినప్పటినుంచీ ఆ మొహంలో అంత సంతోషం ఆమె చూడలేదు.

"నీకూ వినపడినాదా నాగులూ? అయితే ఇంక నేను లేదని చెప్పపన్లేదు గదా? మన చెంగయ్య ఇయ్యాల పొద్దున కూడా పిలిచినాడే!"