భాగస్వామి గ్రంథాలయంలో లభ్యం

ఏడు విశ్వవిద్యాలయాలు ఒక్కటైతే చదువు బాగుపడుతుందని ఎవరికి తోచిందో గానీ, ఆ బుర్రకి దండం పెట్టాలి. ఒకే పరిశోధన పత్రికకి ఏడు గ్రంథాలయాలూ విడివిడిగా చందా కట్టడమేమిటి, దండగ కాదూ? ఒకరు కొంటే మిగతా ఆరుగురూ కంప్యూటర్లో తెరిచి చదువుకోవచ్చు. ఒకరు కేటలాగు రాస్తే మిగతావాళ్లు దాన్నే వాడుకోవచ్చు. వినడానికి ఎంత ముచ్చటగా ఉంది! ఈ ముచ్చట మీద ఒక కూటమి పుట్టింది, కూటమికి ఒక కమిటీ పుట్టింది, కమిటీకి ఒక అధ్యక్షుడు దొరికాడు. పెద్ద విశ్వవిద్యాలయంలో మట్టి గురించి పాఠాలు చెబుతూ, తన శాఖలో ఎవరితోనూ పడక, ఎక్కడ పెట్టాలో తెలియక పైవాళ్లు గ్రంథాలయం మీదికి తోలిన ప్రొఫెసరుగారు ఆయన. నోరు తెరిస్తే "సమన్వయం" అనకుండా మూయడు గనక అందరూ అసలు పేరు మరిచిపోయి, ఆయన లేనప్పుడు సమన్వయంగారు అనుకుంటారు.

సమన్వయంగారు వచ్చీ రాగానే చేసిన ఘనకార్యం, కింది అంతస్తులో గోడల పొడుగునా ఉన్న పాత పత్రికల బైండు పుస్తకాలన్నిటినీ చిత్తుకాగితాలవాడికి తూకానికి వేసెయ్యడం. అంతా కంప్యూటర్లోకి వచ్చాక ఈ దుమ్మెందుకన్నాడు. ఆ చోట్లో ఆకుపచ్చ సోఫాలు వేయించాడు. ఇప్పుడు విద్యార్థులు వాటిమీద హాయిగా పడుకుంటారు. చదవడానికేమీ లేనిచోట పడుకుంటే తప్పేమీ లేదు.

అదే గ్రంథాలయంలో పై అంతస్తున, కిటికీ పక్క బల్ల దగ్గర కేటలాగు రాసే ఆవిడ కూర్చుంటుంది. తల నెరిసేదాకా ఆవిడ చేసింది ఆ పనే. విద్యార్థులు చాటుగా కేటలాగమ్మ అంటారు. ఆవిడకి తెలుసు, పట్టించుకోదు. ఏ పుస్తకం ఎవరు రాశారు, ఎక్కడ దొరుకుతుంది అన్నది పొల్లుపోకుండా రాయడంలో తనని మించినవాళ్లు లేరని ఆవిడ నమ్మకం. చుట్టూ ఉన్నవాళ్లంతా తెలివితక్కువవాళ్లనీ, తను మాత్రం ఏ ఖర్మకాలో వాళ్ల మధ్య పడ్డాననీ ఇంకో నమ్మకం. సాయంత్రం ఇంటికెళ్లి సమన్వయంగారిని అనుకరించి చూపిస్తుంటే మొగుడూ ఆడపడుచూ పొట్ట చెక్కలయ్యేలా నవ్వుతారు.

ఒకరోజు మధ్యాహ్నం ఒక నర్సు ఆవిడ బల్ల దగ్గరికి వచ్చింది. ఆస్పత్రిలో పిల్లల వార్డులో పనిచేస్తూనే పైచదువు చదువుకుంటోంది. డ్యూటీ బట్టల మీద స్వెటర్ వేసుకుని, భుజానికి టిఫిన్ డబ్బా సంచి తగిలించుకుని ఉంది.

"మేడమ్, కాలిన గాయాల వైద్యం మీద వచ్చే పత్రిక ఒకటి కేటలాగులో ఉందండి. కానీ తెరుచుకోవడం లేదు."

కేటలాగమ్మ తలెత్తలేదు. "నొక్కితే ఏమని వస్తోంది?"

"భాగస్వామి గ్రంథాలయంలో లభ్యం అనండి."

"చదవడం వచ్చుగా మరి? నది అవతల యూనివర్సిటీ ఉంది, వెళ్లి వాళ్లనడగండి."

"మా వార్డులో కట్టు విప్పేటప్పుడు పిల్లలు తట్టుకోలేకపోతున్నారండి. నొప్పి తగ్గించే పద్ధతేదో అందులో..."

"నా దగ్గర లేనిది నేనెక్కణ్ణించి తేనమ్మా? వాళ్లనడగండి."

నర్సు సరేనండీ అని వెళ్లిపోయింది. ఇంత చదువుకున్నవాళ్లు తెర మీద ఒక్క ముక్క చదువుకోలేకపోతున్నారని ఆ సాయంత్రం ఇంట్లో నవ్వుకోవడానికి ఇంకో కథ దొరికింది.

ఆ నవ్వు ఎక్కువ రోజులు నిలవలేదు. ఆడపడుచుకి ఇంట్లో పేరు బుల్లి. ఈ బుల్లికి నలభై దాటాయి. ఇద్దరు పిల్లల్ని పెంచి, బడిలో సైన్సు చెప్పుకుంటూ, ఎప్పుడో వదిలేసిన పరిశోధన మళ్లీ పట్టుకుంది. ఉప్పు పట్టిన నేల తిరిగి పండాలంటే ఏం చెయ్యాలన్నది ఆమె సిద్ధాంత గ్రంథం. సెలవుల్లో గొడుగేసుకుని పొలాలు పట్టుకు తిరిగి, మట్టి సంచుల్లో మోసుకొచ్చి రాసింది. దాన్ని పరీక్షించినాయన అంతా బాగుందంటూనే ఒక మెలిక పెట్టాడు. ఫలానా పత్రికలో ఫలానా పాత వ్యాసం ఉంది, దానిలోని కొలతలతో నీ కొలతలు పోల్చి నెలాఖరులోగా పంపు, లేకపోతే ఒప్పుకోను అన్నాడు. గడువు దాటితే మళ్లీ పేరు నమోదు చేసుకోవాలి. బుల్లికి ఆ అవకాశమూ లేదు, వయసు దాటిపోయింది.

"వదినా, రాసిందెవరో చూశావా?" అంది బుల్లి, భోజనాల బల్ల మీద కాగితం ఇటు తోస్తూ.

కేటలాగమ్మ చూసింది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. రాసింది సమన్వయంగారు, పడుచువాడుగా ఉన్నప్పుడు.

"ఇంకేం, నీ పని అయిపోయినట్టే. రేపు అడిగేస్తాను" అంది.

మర్నాడు అడిగితే సమన్వయంగారి మొహం వెలిగిపోయింది. "నా వ్యాసమా! ఎవరమ్మా ఆ పరీక్షకుడు? విషయం తెలిసినవాడు."

"మీ దగ్గర ఒక ప్రతి ఉంటే ఇప్పిస్తారేమోనని సార్."

"ఈ రోజుల్లో ప్రతి ఏమిటమ్మా? నేను కాగితం ముట్టుకోను. ఇక్కడివాటితోపాటు మా ఇంట్లోవి కూడా ఆ రోజే తూకానికి వేసేశాను. మన కూటమి పోర్టల్లో ఉంటుంది, చూసుకోమనండి. సమన్వయం అంటే అదే కదా!"

కేటలాగమ్మ తన బల్ల దగ్గరికొచ్చి పోర్టల్ తెరిచింది. పత్రిక పేరు వచ్చింది, సంవత్సరం వచ్చింది, వ్యాసం పేరూ వచ్చింది. దాన్ని నొక్కితే, భాగస్వామి గ్రంథాలయంలో లభ్యం, అంది తెర. నది అవతలి యూనివర్సిటీకి ఫోన్ చేసింది.

"మా దగ్గరెక్కడుందండీ? మీ దగ్గరుందనేగా మేం మానేశాం!" అన్నాడు అక్కడి గ్రంథాలయాధికారి.

మూడోవాళ్లకి చేసింది. వాళ్లు నాలుగోవాళ్ల పేరు చెప్పారు, నాలుగోవాళ్లు ఐదోవాళ్ల పేరు చెప్పారు. చివరివాళ్లు, "అదేమిటి మేడమ్, మీదగ్గరే ఉన్నట్టు చూపిస్తోందిగా" అని ఎదురు ప్రశ్న వేశారు. కేటలాగమ్మ ఫోన్ పెట్టేసి తల పట్టుకుంది. అప్పటికి అర్థమైంది ఏం జరిగిందో. సంవత్సరం చివర్లో చందాలు తగ్గించుకోమని కమిటీ చెప్పింది. ఏడుగురూ ఉమ్మడి కేటలాగు తెరిచారు. మిగతావాళ్ల దగ్గర ఉంది కదా అని ఏడుగురూ ఒకేసారి మానేశారు. కాగితం పత్రికలైతే చందా మానేసినా పాతవి బీరువాలో పడుంటాయి. కంప్యూటర్లోవి అలా కాదు, కట్టడం ఆపగానే పాతేళ్లవి కూడా మాయమైపోతాయి. పోనీ కేటలాగులోంచి ఆ పేరు తీసేద్దామా అంటే, ఏ పత్రిక వివరాలైనా అది ఉన్న గ్రంథాలయమే మార్చాలని నియమం. ఎవరి దగ్గరా లేనిదాన్ని మార్చే హక్కు ఎవరికీ లేదు. అడ్డమైనవాళ్లూ తన రాతలో వేలు పెట్టకూడదని పట్టుబట్టి ఆ నియమం పెట్టించింది కేటలాగమ్మే.

పత్రిక ప్రచురించేవాళ్లకి బుల్లి ఉత్తరం రాసింది. పాతవి విడిగా అమ్మం, సంస్థలు చందా కడితేనే తెరుస్తాం అన్నారు. కేటలాగమ్మ మళ్లీ సమన్వయంగారి గదికి వెళ్లింది.

"ఉన్నదాన్ని మళ్లీ కొనడమా? డూప్లికేటు అవుతుందమ్మా!" అన్నాడాయన, ఏదో బూతు విన్నట్టు మొహం పెట్టి.

"లేదు సార్. ఏడుగురిలో ఎవరి దగ్గరా లేదు."

"కేటలాగులో ఉందా లేదా?"

"ఉంది సార్, కానీ..."

"ఆ కేటలాగు రాసేది మీరే కదా? మీ రాత మీద మీకే నమ్మకం లేకపోతే ఇంకెవరికి ఉంటుంది?"

కేటలాగమ్మకి అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ మనిషి ముందు నోరు పెగలనందుకు ఇంకా మండింది. ఆ వారమంతా ఇంట్లో ఆయన్ని అనుకరించలేదు. బుల్లి వచ్చి, అన్నం ముందు కొలతల కాగితాలు తిప్పుతూ కూర్చునేది. "పోనీలే వదినా, డిగ్రీ లేకపోతే మట్టి నన్ను రానివ్వదా ఏం" అనేది. ఆ మాట అంటున్నప్పుడు మాత్రం తలెత్తేది కాదు.

నెలాఖరు దగ్గరపడగా కూటమి వార్షిక సమావేశం వచ్చింది. ఏడుగురు వైస్ ఛాన్సలర్లూ ముందు వరసలో కూర్చున్నారు. సమన్వయంగారు కొత్త కోటు వేసుకుని వేదికెక్కి, గోడంత తెర మీద పెద్ద అక్షరాలతో ఒక మాట చూపించాడు. డూప్లికేట్లు: సున్నా. అందరూ చప్పట్లు కొట్టారు. సున్నా నిజమే. ఒకటంటూ ఉంటే కదా రెండోది ఉండడానికి.

ప్రశ్నలేమైనా ఉన్నాయా అని అడగడం ఆనవాయితీ, ఎవరూ అడగకపోవడమూ ఆనవాయితీ. కేటలాగమ్మ లేచింది. ఉద్యోగం మీదికి తెచ్చుకోకు వదినా అని పొద్దున బుల్లి బతిమాలిన మాట గుర్తుంది. గొంతులో తేనె పోసుకుని, "ప్రశ్న కాదు సార్. మన సమన్వయం ఎలా పనిచేస్తుందో అతిథులకి ఒక్క వ్యాసం తెరిచి చూపిస్తే బాగుంటుంది. ఎవరిదో ఎందుకు, మీదే చూపించండి" అంది.

సమన్వయంగారు ఉబ్బిపోయాడు. వద్దు వద్దంటూనే తన పేరు కొట్టాడు. వ్యాసం పేరు వచ్చింది. "ఇది నేను రాసేటప్పటికి ఈ విషయం మీద ఎవరూ..." అంటూ నొక్కాడు. భాగస్వామి గ్రంథాలయంలో లభ్యం. "చూశారా, ఇదే సమన్వయం!" అని భాగస్వామి పేరు మీద నొక్కాడు. రెండో గ్రంథాలయం తెరుచుకుని అదే మాట చెప్పింది. మూడోదీ అంతే. నాలుగో దగ్గరికి వచ్చేసరికి ఆయన మాట్లాడ్డం మానేశాడు. ఐదో దగ్గర మైకుని తిట్టాడు. తిరిగి తిరిగి తన గ్రంథాలయం తెరే, తన ఫొటోతో సహా, ఎదుట నిలబడింది.

"ప్రొఫెసర్‌గారూ, మీ వ్యాసం అందర్నీ పలకరించొచ్చింది గానీ ఎక్కడా కూర్చున్నట్టు లేదే!" అన్నాడు ముందు వరసలోని ఒక వైస్ ఛాన్సలర్. హాలు గొల్లుమంది. సమన్వయంగారు నెట్‌వర్క్ అని ఏదో నసిగి, చెమట తుడుచుకుంటూ దిగిపోయాడు.

కేటలాగమ్మకి ఉద్యోగం పోతుందని బుల్లి హడలిపోయింది. అలాంటిదేమీ జరగలేదు. ఆ మనిషికి పగ తీర్చుకునే తీరికేదీ? తన వ్యాసం లోకానికి దక్కకుండా పోతోందన్న బెంగతో ఆ రోజే ఆ పత్రికకి చందా కట్టించాడు. అధ్యక్షులవారి మెప్పు కోసం మిగతా ఆరుగురూ ఎవరికి వారే, ఒకరికి తెలియకుండా ఒకరు, కట్టేశారు. లేకలేక పుట్టినట్టు ఇప్పుడా పత్రిక ఏడు చోట్లా ఉంది.

బుల్లి వ్యాసం చదివి వదినకి ఫోన్ చేసింది. నవ్వాపుకోలేకపోతోంది. "ఏమనుకున్నావు వదినా! నేల నేల అని రాశాడు గానీ, కొలిచిందంతా వాళ్ల మేడమీద పూలకుండీల్లో!" ఆ పూలకుండీలతో తన పొలాలని పోల్చి గడువులోగా పంపింది. పరీక్షకుడు ఒప్పుకున్నాడు. బుల్లి డాక్టరయింది. ఆ రాత్రి కేటలాగమ్మ సమన్వయంగారు వేదిక దిగిన తీరు మళ్లీ మళ్లీ చేసి చూపించింది. మొగుడికి నవ్వి నవ్వి దగ్గొచ్చింది.

తర్వాతి వారం నర్సు మళ్లీ వచ్చింది. అదే స్వెటర్, అదే సంచి. మొహం బాగా వాడిపోయింది.

"నది అవతలికి వెళ్లానండి. వాళ్లు ఇంకో చోటన్నారు. డ్యూటీ లేనప్పుడల్లా ఒక్కోచోటికి వెళ్లొచ్చాను. చివరికి అందరూ ఇక్కడే ఉందన్నారండి."

ఈసారి కేటలాగమ్మ తలెత్తింది. నొక్కి చూడక్కర్లేకుండానే విషయం తెలిసిపోయింది. "కూర్చోమ్మా" అని కుర్చీ చూపించి, సమన్వయంగారి గదికి గబగబా నడిచింది. ఈ పత్రిక కూడా అలాగే పోయింది సార్, ఇంకా ఎన్ని పోయాయో, పిల్లల వార్డు వాళ్లకి కావాలి, వెంటనే చందా కట్టాలి అని ఒక్క గుక్కలో చెప్పింది.

సమన్వయంగారు శ్రద్ధగా విన్నాడు. తర్వాత అడిగాడు. "అందులో నా వ్యాసాలేమైనా ఉన్నాయా?"

"అది వైద్యం పత్రిక సార్."

"అయితే కేటలాగులో ఉందిగా. చాలు."

కేటలాగమ్మ వెనక్కి వచ్చింది. వచ్చే దారి పొడుగునా ఆయన్ని తిట్టుకోవడానికి మాటలు వెతుక్కుంది, ఒక్కటీ నాలిక మీదికి రాలేదు. నర్సు ఆవిణ్ణి చూసి ఆశగా లేచి నిలబడింది.

"ఎక్కడికి వెళ్లమంటారండి?"

"ఎక్కడికీ వద్దమ్మా. అది ఎవరి దగ్గరా లేదు."

నర్సు సంచి భుజానికి ఎక్కించుకుంది. కోపమైనా లేని గొంతుతో అంది.

"ఆ రోజు తలెత్తి ఈ ముక్క చెప్పుంటే, నేను ఇన్నాళ్లూ పిల్లలకి ఇదిగో తెస్తాను, అదిగో తెస్తాను అని చెప్పేదాన్ని కాదండి."