ఒకే అడ్రసు మీద రెండు ట్యాంకులు

అక్క కాలు విరిగింది. ఆరు వారాలు అడుగు కింద పెట్టొద్దన్నారు. పాతికేళ్లుగా వీధివీధీ తిరిగి ఉత్తరాలు పంచిన మనిషి, ఇంట్లో సోఫాకు అతుక్కుపోయి గోడలు చూస్తూ కూర్చుంటే తమ్ముడికి ప్రాణం ఉసూరుమంది.

అతను ఓ పెద్ద ఆఫీసులో నెట్‌వర్క్ ఇంజనీరు. అక్కడి ఎనిమిది వందల కంప్యూటర్లూ తన చెప్పుచేతల్లో ఉన్నాయని అతని నమ్మకం. ఆదివారం పొద్దున్నే అటక మీంచి రెండు పాత కంప్యూటర్లు దించి, తుమ్ముతూ దుమ్ము దులిపాడు.

"మన యుద్ధ ట్యాంకుల ఆట గుర్తుందా అక్కా? ఈ రెండింటికీ మధ్య ఒక్క కేబుల్ వేస్తే చాలు, ఎవరి ట్యాంకు వాళ్లది. ఐదు నిమిషాల పని!"

"అప్పట్లో ఒకే కీబోర్డు కోసం జుట్లు పట్టుకునేవాళ్లం కదరా," అని అక్క నవ్వింది.

రెండు కంప్యూటర్లను నేరుగా కలపాలంటే కేబుల్‌కి ఒక చివర తీగలు తారుమారు చేసి బిగించాలి. ఆ వరసలు అతనికి కంఠతా వచ్చు. ధ్యాసంతా వాటి మీదే ఉండటంతో, కంప్యూటర్లు ఒకదానికొకటి కనబడకపోయేసరికి తప్పు కేబుల్‌దేనని తేల్చేశాడు. కత్తిరించాడు, బిగించాడు, మళ్లీ కత్తిరించాడు. మధ్యాహ్నం రెండింటికి నాలుగో కేబుల్ కూడా మూలన పడింది. తీగలు చేసినవాణ్ని, కంప్యూటరు చేసినవాణ్ని వరసపెట్టి తిట్టాడు. తనను తప్ప ఎవర్నీ వదల్లేదు.

"ఇందాకట్నుంచి తెర మీద ఏదో హెచ్చరిక డబ్బా వస్తుంటే చదవకుండా మూసేస్తున్నావేంట్రా?"

"అలాంటివి వస్తూనే ఉంటాయిలే అక్కా."

ఆఫీసులో ఎవరైనా ఈ మాటంటే గంటసేపు క్లాసు పీకుతాడు. అది గుర్తొచ్చి దగ్గాడు.

"సరే, ఈ అంకెలేంటి?"

"అడ్రసు. ఒక్కో కంప్యూటరుకీ ఒక్కోటి ఉండాలి. నీకు అర్థమయ్యేలా చెప్పాలంటే, ఇంటి నంబరు లాంటిది..." అంటూ పాఠం ఎత్తుకున్నాడు.

అక్క కళ్లజోడు సవరించుకుని ఈ తెర చూసింది, ఆ తెర చూసింది.

"మరి రెండిళ్లకీ ఒకటే నంబరు రాశావుగా! నేనైతే ఉత్తరం ఎవరికివ్వాలో తెలీక వెనక్కి పంపేసేదాన్ని."

అతను వంగి చూశాడు. చివరి అంకెతో సహా అచ్చుగుద్దినట్టు ఒక్కటే. ఇందాకట్నుంచి తను మూసేస్తున్న డబ్బా మొత్తుకున్నదీ అదే. గబగబా ఒక అంకె మార్చాడు. రెండు తెరల మీదా రెండు ట్యాంకులూ ప్రత్యక్షమయ్యాయి.

మొదటి ఆటలో నిమిషం తిరక్కుండానే అక్క అతని ట్యాంకును పేల్చేసింది. కంప్యూటరు నెమ్మదిగా ఉందన్నాడు. అక్క కట్టుకాలు ఎత్తి పట్టుకుని, తన కంప్యూటరు అతనికిచ్చి అతని కుర్చీలోకి మారింది. మళ్లీ ఓడాడు. ఏడోసారి ఓడాక ఇక సాకులు దొరకలేదు. పడీపడీ నవ్వాడు. అక్క అంత బిగ్గరగా నవ్వడం కాలు విరిగాక అదే మొదలు.

"రేపు సెలవు పెట్టరా."

అక్కడికక్కడే ఆఫీసుకు రాసి పడేశాడు. కారణం: ఇంట్లో అత్యవసర నెట్‌వర్క్ పని, నిపుణురాలి పర్యవేక్షణలో.