ఒక్క కొట్టివేత లేని ఉత్తరం

టీపొడి ఎక్కడుందో తెలియకపోవడం జబ్బేనని అత్తగారు, కాదని కోడలు. పొద్దుటి నుంచీ ఇదే తగువు. మధ్యలో కోడలి భర్త తన మెడ మీది కుట్ల మచ్చ తడుముకుంటూ, తనకేం సంబంధం లేనట్టు ఇద్దరి వాదనా వింటూ కూర్చున్నాడు.

ఆరు వారాల కింద ఆయనకు పావుగంటసేపు మాట పడిపోయింది. మెదడుకు వెళ్లే రక్తనాళం మెడ దగ్గర పూడుకుపోయిందన్నారు. పెద్ద పక్షవాతం రాకముందే నాళం తెరిచి పూడిక తీసేశారు. అప్పటినుంచీ కోడలు సెలవులోనే ఉంది. ఆమె బస్ డిపోలో టైమ్‌కీపర్. ఇరవై రెండేళ్లుగా తన షిఫ్టులో ఆమె సంతకం పడందే ఒక్క బస్సూ గేటు దాటలేదు. ఈ ఆదివారంతో సెలవు అయిపోతుంది.

"మతి తప్పిన మనిషిని వదిలేసి పోతావుటమ్మా? నువ్వు లేకపోతే బస్సులు ఆగిపోతాయా ఏం?" అంది అత్తగారు.

"మగవాడు, వాడికేం తెలుసు పాపం" అని ఇన్నేళ్లూ మురిసిపోయిన నోరే ఇప్పుడు దానికి జబ్బని పేరు పెట్టింది. ఆమెకు నవ్వొచ్చింది. నవ్వితే ఉద్యోగం పోయేలా ఉందని మింగేసింది.

సాయంత్రం మాటలు నేర్పే డాక్టరమ్మ వచ్చి బొమ్మల కార్డులు తీసింది. ఏనుగు, గడియారం, నిచ్చెన టకటకా చెప్పేశాడు. జల్లెడ చూసి "ఏదో చిల్లులది" అన్నాడు. గరాటును బాకా అన్నాడు. డాక్టరమ్మ మొహం మారింది. చూశావా అన్నట్టు అత్తగారు కోడలి వైపు తిరిగింది.

"అవి రాసుకోకండమ్మా. ఆయనకవి ఆపరేషన్‌కు ముందూ తెలియవు," అంది ఆమె.

"మరి మెదడు కుదుటపడిందని ఎలా తేల్చుకోను?"

ఆమె లోపలికి వెళ్లి ఒక కాగితం తెచ్చి ఇచ్చింది. తన ఉద్యోగానికి రాజీనామా. నిన్న మధ్యాహ్నం ఆమె బట్టలు ఆరేస్తుంటే ఆయనే కూర్చుని రాసి, సంతకానికి చోటు వదిలాడు. ఆమె ఉద్యోగంలో చేరిన తేదీ, ఉద్యోగి నంబరు, పై అధికారి హోదా, అన్నీ గుర్తుపెట్టుకుని మరీ.

"ఒక్క కొట్టివేత లేదు చూడండి," అన్నాడాయన.

డాక్టరమ్మ రెండుసార్లు చదివింది. ఫైలు మీద 'పూర్తిగా కోలుకున్నారు' అని రాసింది. "ఇంకేదైనా కొత్త పని నేర్పండి. మెదడుకు మంచిది," అని చెప్పి వెళ్లిపోయింది.

కాలేజీ నుంచి కూతురు వచ్చేదాకా ఆమె ఆగింది. ముగ్గురూ ఒకచోట కూర్చున్నాక మామూలుగానే చెప్పింది.

"సోమవారం డ్యూటీలో చేరుతున్నాను. వంట ఆయన చేస్తారు. దగ్గరుండి నేర్పేది మీరే, అత్తయ్యా. నేర్చుకోకపోతే మాత్రం అది జబ్బు కాదని డాక్టరమ్మ రాసిచ్చింది."