నర్సు అన్న మాట

నేను చూలై పేటలో ఇంగ్లీషు పంతులుగా పనిచేస్తున్న రోజులు. మా చెల్లెలు అలమేలుమంగ ఒకే ఏడాదిలో భర్తనూ, చంటిబిడ్డనూ పోగొట్టుకుని మా ఇంటికి వచ్చేసింది. 1953లో ఒకనాటి ఉదయం ఉన్నట్టుండి, "నర్సు చదువులో చేరతా" అంది.

బియ్యం చెరుగుతున్న అమ్మ చేట కింద పెట్టేసింది. "పరాయోళ్ల ఒళ్లు తుడిచే పనా? మన ఇంట్లో ఎవురన్నా చేసినారా? నలుగురూ ఏమనుకుంటారే?"

చెల్లెలు ఆ చేట అందుకుని మిగిలిన బియ్యం చెరిగింది.

ఆ వారంలోనే పక్కింటి మునియక్క ప్రసవించి, ఒళ్లు కాలిపోయే జ్వరంతో పడిపోయింది. జ్వరం తగ్గేదాకా తల్లిపాలు పట్టొద్దన్నాడు డాక్టరు. ఆమె భర్త తంగరాజ్ తిరువొత్తియూరు ఫ్యాక్టరీలో కూలీ. ఇంట్లో మరో ఆడదిక్కు లేదు. ఏడ్చి ఏడ్చి పసిగుడ్డు గొంతు పోయింది. అంటుకుంటుందేమోనని వీధివాళ్లు గడప బయటే నిలబడ్డారు.

అలమేలు తిన్నగా లోపలికి వెళ్లింది. ఆవుపాలు కాచి, నీళ్లు కలిపి, ఉగ్గుగిన్నెతో చుక్కచుక్కగా పట్టింది. బిడ్డ కక్కితే తుడిచి, కాసేపాగి మళ్లీ పట్టింది. తల్లి ఒళ్లు తడిగుడ్డతో తుడిచి గంజి తాగించింది. జ్వరం దిగేదాకా ఆ ఇల్లు వదల్లేదు. అమ్మ పిట్టగోడ మీదుగా అంతా చూస్తూనే ఉంది. బిడ్డ కడుపునిండా తాగి నిద్రపోయిన రోజున అలమేలు నవ్వింది. తన బిడ్డ పోయాక ఆ ముఖంలో నవ్వు చూడటం మాకదే మొదలు.

ఆ సాయంత్రం అమ్మ నా పక్కన కూర్చుంది. "ఒరే దామోదరం, నర్సంటే అర్థమేందిరా?"

"పోషించడమనే లాటిన్ మాట నుంచి పుట్టిందమ్మా. మొదట్లో నర్సంటే పరాయి బిడ్డకు పాలిచ్చి సాకే ఆమె. రోగుల్ని చూసుకునే ఆమెకు ఆ పేరు చాలాకాలం తర్వాత వచ్చింది."

"అంటే మన దాది గదరా! దొరల మాటలో ఇంత అమ్మతనం ఉండాదా? ముందే చెప్తే నీ సొమ్మేం బోయింది?"

"చెప్తే వినుండేదానివా?"

అమ్మ నవ్వేసింది. "లేదులే. దాన్ని చూసినాకే గదా నాకు చెవులొచ్చినాయి."

అలమేలు చేరే రోజు రిక్షాలో ఆస్పత్రి దాకా అమ్మే వెంట వెళ్లింది. తెల్లబట్టల్లో ఉన్న నర్సుల పెద్ద మేట్రన్ చేతులు పట్టుకుని, "ఇది పనిలో పడితే తిండి మర్చిపోతాది. కాస్త చూసుకో తల్లీ" అని అప్పగించింది.

ఆ మేట్రన్‌కు తెలుగు వచ్చో రాదో, అమ్మ చేతుల్ని మాత్రం వెంటనే వదల్లేదు.