తుండు కింద ఏడో వేలు

పాలపొడి తడిస్తే జిగురు, ఆరితే రాయి. ఈ రెండింటి మధ్య ఉన్నప్పుడే దాన్ని పట్టుకుని తోమెయ్యాలి. కాఫీ మిషన్ లోపలి గిన్నెలను ఒక్క పూట వదిలేసినా పులిసిన వాసన పట్టుకుంటుంది, ఇక ఎంత వేడినీళ్ళు పోసినా వదలదు. అందుకే నేను రెండు జతలు పెట్టుకున్నాను. ఒక జత విరుదునగర్‌లో మిషన్‌లో ఉంటే, రెండోది సంచిలో నాతో పాటు బస్సెక్కి మా ఊరు కోవిల్‌పట్టికి వస్తుంది. ఆ రోజు పెరట్లో కూర్చుని పాత టూత్‌బ్రష్‌తో వాటిని తోముతున్నాను. నా మొగుడు పెరుమాళ్సామి లోపల మంచం మీది నుంచి కేకేశాడు.

"ఏమే మునీశ్వరీ, రేపు నువ్వు సుమ్మా ఊరికే పోయి నిలబడు, చాలు. తుండు కింద చెయ్యి ఇసక్కి పెడతాడు."

నా చేతిలో బ్రష్ ఆగిపోయింది. ఇసక్కిముత్తు నా మరిది. ఆ మిషన్‌కు ముందెటో వెనకెటో కూడా తెలియదు వాడికి.

మా ఆయన అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో మేస్త్రీగా ఉండేవాడు. అది మూతబడ్డాక మదురై నుంచి పాత కాఫీ మిషన్ ఒకటి కొనుక్కొచ్చి, విరుదునగర్‌లో బాలకృష్ణన్ మొదలాళి మిరపకాయల మండీలో పెట్టాడు. మొదలాళి అంటే యజమాని. మండీ ఆఫీసులో గుమాస్తాలు, బయటి ఊళ్ళ నుంచి వచ్చే వ్యాపారులు ఆ మిషన్ కాఫీయే తాగుతారు. మిషన్ మా ఆయనది, మాట మా ఆయనది. పొద్దున్నే బస్సెక్కి పోయి నీళ్ళు పోసేది, పొడులు నింపేది, గొట్టాలు విప్పి కడిగేది, ఆవిరికి వేళ్ళు కాల్చుకునేది నేను. ఊళ్ళో ఎవరైనా అడిగితే ఆయన "నేను మిషన్ సర్వీస్ చేస్తున్నాను" అంటాడు. అననీ, నోరు ఆయనది.

ఇక ఆ మొదలాళి సంగతి. ఆయన తాతల నాటి పద్ధతిలో బేరం చేస్తాడు. ఏ రేటూ పైకి చెప్పడు. మిరపకాయలైనా, ధనియాలైనా, ఆఖరికి కాఫీ మిషనైనా సరే, ఎదుటి మనిషి చెయ్యి పట్టుకుని మీద తుండుగుడ్డ కప్పుతాడు. లోపల వేళ్ళు నొక్కుకుంటారు. పక్కన నిలబడిన వాళ్ళకు తుండు కదలడం తప్ప ఏమీ తెలియదు. మొదట రేటు, తర్వాత వారానికి ఎన్ని రోజులో అన్ని వేళ్ళు. మూడేళ్ళకోసారి చేసుకునే మా బేరం కూడా పోయినసారి అలాగే ముగిసింది, మళ్ళీ బేరం రేపే. అప్పుడు నేను దూరంగా మిషన్ పక్కన నిలబడి చూశాను. నా పొద్దులు, నా చేతులు, నా నడుం ఆ తుండు కిందే అమ్ముడుపోయాయి. ఎంతకో నాకు కనబడలేదు. మా ఆయన నవ్వుకుంటూ వచ్చాడు.

"ముగిసింది. వారానికి ఏడు దినాలు. ఆదివారం కూడా రావాలని ఆ మొదలాళి ఒకటే పట్టు పట్టినాడు. నేనేం చేసేది, చెప్పు?"

ఆ రోజు నుంచి ప్రతి ఆదివారం బస్సులో కూర్చుని ఆ మొదలాళిని తిట్టుకున్నాను. నీ మండీకి నిప్పు పడ, నీ కాఫీలో పురుగు పడ అని నోటికొచ్చినట్టు మనసులో తిట్టాను. మా అత్త పాండియమ్మాళ్ అనేది, "బస్సులో కూకోని పోయేదానికి ఏం కష్టం? కిటికీ పక్క గాలి కూడా వస్తాది." అవునత్తా, గాలి వస్తుంది. గాలితోనే కడుపు నింపుకుంటున్నాను.

ఇదంతా భరించేదాన్నేమో. కానీ మా సరణ్య తల అట్టకట్టింది. ఐదో తరగతి పిల్ల. పేలు చూడాలంటే వెలుతురుండాలి. నేను ఇల్లు చేరి సంచి దింపి పొయ్యి ముట్టించేసరికి వెలుతురు పోతుంది. మా అత్తకు కంట్లో పొర. మా ఆయనకు కళ్ళు శుభ్రంగా ఉన్నాయి, ఆదివారమంతా ఇంట్లోనే ఉంటాడు. మొగోడు పేలు చూస్తాడా, రామరామ. పోయిన వారం టీచరు పిల్లను అందరికీ దూరంగా ఆఖరి బెంచీలో ఒంటరిగా కూర్చోబెట్టింది. ఆదివారం పొద్దున నేను చెప్పులు వేసుకుంటుంటే సరణ్య వాకిట్లో నిలబడి, "అమ్మా, ఈ ఆదివారమన్నా నా తల చూస్తావా?" అంది. నేను సంచి భుజాన వేసుకున్నాను. బస్సు వస్తోంది.

అందుకే ఆ పెరట్లో నుంచే అన్నాను, "ఈ తూరి ఆరు దినాలని అడగమనండి."

లోపల మంచం కిర్రుమంది. ఆయనకు కామెర్లు వచ్చి మంచమెక్కి పది రోజులైంది, కళ్ళు పసుపు ముద్దల్లా ఉన్నాయి. అయినా ఆ కళ్ళు నావైపు తిరుగుతాయంటే నాకు భయమే. ఆయన కొట్టడు. అరవడు కూడా. మాట్లాడటం మానేస్తాడు. అప్పుడు ఇద్దరి మాటలూ మా అత్తే మాట్లాడుతుంది, నేను ఆ ఇంట్లో గోడ పక్కనే నడుస్తాను. లోపల్నుంచే అన్నాడు, "మొదలాళికి కోపం వచ్చి మిషన్‌ను తీసి రోడ్డు మీద పెడితే ఏం చేస్తావు? మళ్ళీ అగ్గిపెట్టెలు అంటించేదానికి పోతావా?"

నేను ఏడేళ్ళ పిల్లగా ఉన్నప్పుడు కళుగుమలై అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో జిగురుతో పెట్టెలు అంటించాను. ఆ అగ్గిమందు వాసన ఇప్పటికీ నా వేళ్ళకు అంటుకున్నట్టే ఉంటుంది. ఆయనకు తెలుసు, అందుకే ఆ మాట అన్నాడు. నేను గిన్నెలు తోమడం మొదలుపెట్టాను.

మర్నాడు బస్సులో ఇసక్కి పక్క సీట్లో కూర్చున్నాడు. సాత్తూరు దాటాక ధైర్యం చేసి అడిగాను, "ఇసక్కీ, ఆరు వేళ్ళే పెట్టు. నీకు పుణ్యం ఉంటాది."

"వద్దు వదినా, నన్ను లాగద్దు. అన్న ఏడు పెట్టమన్నాడు, ఏడే పెడతాను. ఎక్కువ తక్కువైతే నన్ను ఇంట్లోకి రానివ్వడు."

వాడికీ భయమే. ఆ ఇంట్లో భయం లేనిది మా అత్త కోళ్ళకే. దిగిపోయి వెనక్కి పోదామా అనుకున్నాను. వెనక్కి పోతే ఎక్కడికి?

మండీలో మిరపఘాటు. కూలీలు గోనెసంచులు తూకం వేస్తున్నారు. మొదలాళి తెల్లచొక్కా, నుదుట విభూతితో దిండుకు ఆనుకుని కూర్చున్నాడు. నేను మిషన్ పక్కన నా చోట్లో నిలబడ్డాను. మిషన్ తాళంచెవి అరచేతిలో గుచ్చుకుంటోంది. ఇసక్కి ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చున్నాడు. మొదలాళి భుజం మీది తుండు తీసి ఇద్దరి చేతుల మీద కప్పాడు.

తుండు కదిలింది. రేటు అయిపోయినట్టుంది, ఇసక్కి తల ఊపాడు. మళ్ళీ కదిలింది. నిండు చెయ్యి పట్టి వదిలారు, గుడ్డ పొంగి కుంగింది. ఐదు. ఇక మిగిలినవి పట్టుకుంటున్నారు. ఇసక్కి మోచెయ్యి కాస్త ముందుకు జరిగింది. అదిగో, నా ఆదివారం పోతోంది. మూడేళ్ళ పాటు పోతోంది. అప్పటికి సరణ్య పెద్దమనిషవుతుంది.

ఎలా నడిచానో తెలియదు. నా చెయ్యి తుండును ఎత్తేసింది.

కింద మొదలాళి పిడికిట్లో ఇసక్కి రెండు వేళ్ళు. తూకం ఆగింది. గుమాస్తా కలం ఆగింది. బేరం నడుస్తున్నప్పుడు ఆ తుండును మొదలాళి కన్నకొడుకు కూడా ముట్టుకోడు. అమ్మో, ఏం పని చేశాను! మిషన్ రోడ్డు మీద కనబడింది, మంచం మీది పచ్చటి కళ్ళు కనబడ్డాయి, అగ్గిమందు వాసన ముక్కుకు తగిలింది. నోరు తెరిస్తే సగం తమిళం, సగం మా ఇంటి తెలుగు వచ్చాయి.

"ఆరు చాలు మొదలాళీ. ఆదివారం నేను రాలేను. నా బిడ్డకు పేలు చూడాల."

ఎవరో కూలి కిసుక్కున నవ్వాడు. అంతమంది మొగవాళ్ళ ముందు పేల సంగతి! సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. అయినా తుండును వదల్లేదు, వదలడానికి వేళ్ళు నా మాట వినలేదు.

మొదలాళి నవ్వలేదు. నా వైపు చూసి తమిళంలో నెమ్మదిగా అన్నాడు, "ఆదివారం నేనెప్పుడు అడిగానమ్మా?"

నాకు అర్థం కాలేదు.

"ఆదివారం ఇక్కడ గుమాస్తా ఒక్కడే ఉంటాడు. వాడు బయట కొట్లో టీ తెచ్చుకోలేడా? పోయినసారి నేను ఐదు పట్టాను, మళ్ళీ ఒకటి పట్టాను, వదిలేశాను. ఏడో వేలు నీ మొగుడే తెచ్చి నా చేతిలో పెట్టాడు. ఇంట్లో ఊరికేనే ఉంటుంది సామీ, రానివ్వండి అన్నాడు. ఊరికే ఇస్తానంటే నేనెందుకు వద్దంటాను?"

ఆయన నా చేతిలోంచి తుండు లాక్కుని భుజాన వేసుకున్నాడు. "సరే, ఆరే. కానీ ఇంకోసారి ఈ తుండు మీద చెయ్యి వేశావో, మిషన్ బయట పెట్టిస్తాను."

తిరుగు బస్సులో ఇసక్కి ఎక్కడో ముందు సీట్లో కూర్చున్నాడు, నావైపు చూడలేదు. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. మూడేళ్ళు ఎవర్ని తిట్టాను! ఆ మొదలాళి మంచివాడేం కాదు, ఇచ్చింది తీసుకున్నాడు. కానీ ఇచ్చింది ఎవరు? ఊరికేనే ఉంటుంది అన్నది ఎవరు? ఏడుపు రాలేదు. భయం మాత్రం పోలేదు. ఇన్నాళ్ళూ విరుదునగర్ వైపు పోయేటప్పుడు భయపడేదాన్ని, ఇప్పుడు కోవిల్‌పట్టి దగ్గరపడుతున్న కొద్దీ ఆ భయం ఎక్కువైంది.

ఆ రోజు ఇంకా పొద్దు ఉండగానే ఇల్లు చేరాం. ఆయన గోడకు ఆనుకుని నేల ఉసిరి రసం తాగుతున్నాడు. భుజం మీద తుండు. ఇసక్కి గడప దగ్గరే ఆగిపోయాడు.

"ముగిసిందా? ఇట్ల దగ్గరికి రా. మెల్లగా చెప్పు" అన్నాడు.

నేను దగ్గరికి పోలేదు. వంటింట్లో మా అత్తకు వినబడేలా, పక్కింటి వాళ్ళకు కూడా వినబడేలా అన్నాను.

"ఆరు దినాలు. ఏడో వేలు ఎవరు పెట్టినారో మొదలాళి అందరి ముందర చెప్పినాడు."

ఆయన గ్లాసు కింద పెట్టాడు. గోడ వైపు చూశాడు. "అదంతా వ్యాపారం. ఒక దినం ఎక్కువిస్తే మిషన్ నిలబడతాదని..."

"నిలబడేది నేను. ఇంక మీద నా గురించి ఏం మాట్లాడినా, తుండు కింద వద్దు. నోటితో మాట్లాడండి. నేను వినాల."

ఆయన ఏమీ అనలేదు. ఎన్ని రోజులు ఏమీ అనడో నాకు తెలియదు. వంటింట్లో మా అత్త గొంతు సవరించుకుంది. ఆ మాటలు మొదలయ్యేలోపు నేను ఈరుబాన తీసుకుని వాకిట్లోకి వచ్చి మెట్టు మీద కూర్చుని సరణ్యను పిలిచాను. అది పరిగెత్తుకొచ్చి నా మోకాళ్ళ మధ్య తల పెట్టింది. పాయ తియ్యబోతే నా వేళ్ళు వణికాయి.

"అమ్మా, చలేస్తోందా?"

"లేదమ్మీ, భయమేస్తోంది. నువ్వు కదలకుండా కూకో. ఇంకా వెలుతురుంది."