మెడ వాలు

నేను ఒక పాంటోగ్రాఫ్‌ని. నాలుగు టేకు బద్దలు, వాటిని కలిపే మరలు, ఒక సూది, ఒక పెన్సిలు. అదే నా ఒళ్లు. చిన్న ఫోటో గీతల మీద సూదిని నడిపితే, అవతల పెన్సిలు అదే బొమ్మను పెద్దగా గీస్తుంది. ముక్కు ఎంత పెరిగినా, నుదుటితో అది చేసే కోణం వెంట్రుకవాసి కూడా మారదు. మనుషులకు తమ బొమ్మ పెద్దదైతే సంతోషమే. ఉన్నది ఉన్నట్టే పెద్దదైతే మాత్రం మొహం చిట్లిస్తారు.

వడ్రంగి నా బద్దలకు చిల్లులు పొడిచి అంకెలు వేశాడు. మరలన్నీ ఒకే అంకె మీద ఉండాలి. మొదట ఒక డ్రాయింగు మాస్టారి దగ్గర పటాలు గీశాను. ఆయన పోయాక నరసరావుపేటలో పటాలు కట్టే మస్తాను చేతికొచ్చాను. అక్కడ నా పనంతా చనిపోయినవాళ్ల మొహాలతోనే.

ఒకరోజు సుభద్రమ్మ పెళ్లినాటి ఫోటో తెచ్చింది. ఆమె కోడలు కోమలి బావిలో పడి చనిపోయింది. దినానికి పటం కావాలి. ఫోటోలో మొగుడి చెయ్యి కోమలి భుజం మీద ఉంది.

మస్తాను ఆ చెయ్యిని వదిలేసి, కోమలి మొహం మెడ వరకే గీశాడు. సుభద్రమ్మకు నచ్చలేదు.

"మెడ అట్టా వాల్చుకుందేంటయ్యా? మేమేదో రాచిరంపాన పెట్టినట్టు! నిటారుగా గీయి. నలుగురొచ్చే ఇల్లు."

మస్తాను ఆ కాగితాన్ని పక్కన పెట్టి, నా మర ఒకటి పక్క చిల్లులోకి మార్చి మళ్లీ గీశాడు. కోణాలన్నీ చెదిరాయి. మెడ నిలబడింది, దవడ సాగింది. ఆమె తృప్తిగా పటం, ఫోటో రెండూ పట్టుకుపోయింది.

దినం మర్నాడు కోమలి తల్లి రత్తమ్మ మస్తాను కొట్టుకు వచ్చింది.

"ఎవురి మొహానికి దండేశారయ్యా? అది నా బిడ్డ కాదు. నా కాడ దాని ఫోటో ఒక్కటి కూడా లేదు. దాని మొహం నాకియ్యి నాయనా."

మస్తాను మొదటి కాగితం తీసి ఇచ్చాడు. రత్తమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుని చూసింది.

"ఇదే. ఇదే నా కోమలి... ఇట్టా ఒరిగిందేంటి?"

"ఒరిగింది ఇటు. ఫోటోలో అటు పక్క భుజం మీద అల్లుడి చెయ్యుందమ్మా."

ఆమె వాలిన ఆ మెడ గీత మీద వేలు పెట్టింది.

"పుట్టింటికొచ్చినా ఇట్టాగే కూచునేది" అంది. "మెడ పట్టిందేమో అనుకున్నా. నూనె రాసి పంపించా."

కాగితం చుట్టుకుని వెళ్లిపోయింది. పటం కట్టించమని అడగలేదు.

తర్వాత ఫ్లెక్సీలు వచ్చాయి. నన్ను అటక మీద పడేశారు. మస్తాను ఆ మరను సరిచేయనేలేదు, తుప్పుపట్టి అక్కడే బిగుసుకుపోయింది. ఇప్పుడెవరైనా నన్ను దించి గీయించినా, ఏ తల్లీ తన బిడ్డను గుర్తుపట్టలేదు.