ఆరు నెలల గ్యారంటీ

వకీలు శ్రీవిద్య ఫోన్లో చెప్పింది ఒకటే మాట. "రేపు వచ్చేటప్పుడు ఆ ఫొటోలకు జవాబు తెచ్చుకో విజయా. లేకుంటే భరణం అడగడానికి నాకు నోరుండదు."

ఆ ఫొటోలు కోర్టుకిచ్చింది ఆమె మొగుడు సురేందర్. నాలుగేళ్ల కింద చుట్టాలమ్మాయి రశ్మి పెళ్లిలో తీసినవి. విజయ మెడలో పొట్ట దాకా దిగిన హారం, చేతుల నిండా గాజులు. ఇంత బంగారమున్న మనిషికి నెలనెలా నేనెందుకియ్యాలని ఆ మహానుభావుడి ప్రశ్న.

జవాబు విజయ దగ్గర లేక కాదు. అదంతా వన్ గ్రామ్ గోల్డ్, పైపూత. అసలు బంగారం సురేందర్ ఆబిడ్స్‌లో సెల్‌ఫోన్ల దుకాణం పెట్టినప్పుడు కుదువకు పోయి మళ్లీ ఇంటి ముఖం చూడలేదు. చుట్టాల్లో పరువు పోతుందని ఆయనే వెంటబెట్టుకుపోయి ఈ నకలు కొనిచ్చాడు. ఇద్దరూ కలిసి ఆడిన అబద్ధాన్ని ఇప్పుడు ఒక్కదాని నెత్తిన రుద్దాడు. ఆమె నోరు తెరవదని ఆయన ధీమా.

ఎందుకంటే పెద్దమ్మ ఉంది. తల్లి లేని విజయకు ఆ నగలు చేయించింది ఆమే. చాదర్‌ఘాట్‌లో ఇరవై ఏళ్లు మెస్ నడిపి, పొయ్యి ముందు నిలబడి, చీటీలు కట్టి చేయించింది. ఇప్పుడు వకీలు ఫీజు కూడా ఆమే ఇస్తోంది. ఆమె ముందు ఈ మాట చెప్పడం కన్నా భరణం పోవడమే నయమని విజయకు ఆ రాత్రంతా అనిపించింది.

మరునాడు మొజంజాహీ మార్కెట్ దగ్గర ఆటో దిగగానే ఒక ప్రయత్నం చేసి చూసింది.

"పెద్దమ్మా, మెట్లెక్కలేవు. నువ్వు గీడ ఐస్‌క్రీమ్ తినుకుంట కూసో. నేను జల్ది వస్త."

"ఫీజిచ్చి ఐస్‌క్రీమ్ తినుకుంట కూసోవాల్నా? నడువ్."

వకీలు ఆఫీసు అక్కడికి దగ్గరే, నాంపల్లి వైపు సందులో రెండో అంతస్తు. మోకాళ్లు పట్టుకుని మెట్టుమెట్టుకీ సురేందర్‌ను తిడుతూ ఎక్కింది పెద్దమ్మ.

శ్రీవిద్య ఫొటోలు బల్ల మీద పరిచింది. "ఈ నగలు ఇప్పుడు ఎక్కడున్నయి?"

"అత్తగారింట్ల," అంది విజయ, ఆటోలో అనుకున్నట్టే.

"సరే, అట్లనే రాస్త. రేపు కోర్టుల ప్రమాణం చేసి ఇదే మాట చెప్పాలె. చెప్తవా?"

విజయకు కూతురు నవత గుర్తొచ్చింది. పిల్ల స్కూలు ఫీజు రెండో టర్ముది కట్టనే లేదు. ఎందుకైనా మంచిదని బ్యాగులో పెట్టుకొచ్చిన డబ్బా తీసి హారం బల్ల మీద పెట్టింది. మెడ దగ్గర పూత పోయి రాగి కనబడుతోంది. పక్కన దుకాణం వాడిచ్చిన కార్డు పెట్టింది. ఆరు నెలల గ్యారంటీ, రంగు పోతే ఉచితంగా పాలిష్. పాలిష్‌కు పనికొస్తుందని దాచుకున్న కార్డు. దాని మీద సురేందర్ పేరు, ఫోన్ నంబరు, ఆయన సంతకం.

"ఇది అసలుది కాదు మేడం. అసలుది ఆయన కుదువవెట్టిండు," అంది. పెద్దమ్మ వైపు చూడలేదు.

శ్రీవిద్య కార్డును అటూ ఇటూ తిప్పి నవ్వింది. పెద్దమ్మ మాత్రం హారం చేతిలోకి తీసుకుంది.

"రశ్మి పెండ్లిల కొక్కెం ఊడిందని నా చేతికిచ్చి పెట్టుమన్నవ్, యాదున్నదా?" అంది. "నేను చేపించిన నగ బరువు నాకు తెల్వదా?"

విజయ తలెత్తింది. "మరి గిన్నేండ్లు ఎందుకడగలే?"

"నువ్వే చెప్తవని చూసిన బిడ్డా."

ఆ మాటకు విజయకు సిగ్గేసింది, ఆమె మీద కోపమూ వచ్చింది. నాలుగేళ్లు ఆమెకు భయపడి, పండక్కి పిలిచినా ఏదో సాకు చెప్పి తప్పించుకుంది. ఒక్కసారి వెళ్లి చెప్పుంటే అయిపోయేది.

పెద్దమ్మ హారాన్ని డబ్బాలో పెట్టి మూత వేసింది.

"వకీలమ్మా, సాక్ష్యం నేను చెప్త. కోటేశ్వరమ్మ అని రాసుకో. నేను పెట్టింది పన్నెండు తులాలు. భరణంతోని పాటు అది గూడ అడుగు."

శ్రీవిద్య కొత్త కాగితం తీసుకుంది. విజయ కుర్చీని పెద్దమ్మ పక్కకు జరుపుకుని, నగలు ఒక్కొక్కటే చెప్పడం మొదలుపెట్టింది.